మా ఊరి గురించి ఒక పేరా

డిగ్రీ మొదటి సంవత్సరంలో తెలుగు మాస్టారు బోర్డు మీద ‘మా ఊరు’ అని రాసి, పది వాక్యాల్లో ఒక పేరా రాయమన్నారు. ఆశ్రమ పాఠశాలల్లో పదో తరగతి, గురుకులంలో ఇంటర్ పూర్తి చేసుకుని, కొండ దిగి పట్నం కాలేజీలో చేరినవాళ్లం ఆ తరగతిలో నలుగురైదుగురం ఉన్నాం. మాలో చాలామందిమి గైడులో బట్టీపట్టిన వాక్యాలే గుర్తు తెచ్చుకుని రాశాం. ‘మా గ్రామము ప్రకృతి సౌందర్యముతో అలరారుచున్నది. గ్రామము మధ్యన దేవాలయము కలదు.’ నిజానికి మా ఊళ్ల మధ్యన దేవాలయాలు లేవు. అయినా రాశాం. వ్యాసం అంటే అలా ఉండాలని మా నమ్మకం.

ఒక్కడు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాడు. గెడ్డ పక్కన తొమ్మిది ఇళ్లు ఉన్నాయని, వానాకాలం గెడ్డ పొంగితే సంతకి దిగలేమని, కందికొత్తల పండగ అయ్యేదాకా కొత్త కందులు నోట పెట్టుకోమని రాశాడు. ఎర్ర సిరా వాడి కాగితం మీదే ఎక్కువ పడింది. ‘గెడ్డ’ కింద గీత. ‘నోట పెట్టుకోము’ కింద గీత. మాకు పదికి ఏడు, వాడికి నాలుగు. వాడు ఆ తర్వాత మూడేళ్లూ గైడు చూసే రాశాడు.

ఆ మాస్టారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆయనకి నేర్పినవాళ్లు అలాగే నేర్పారు. కానీ కాలేజీ కుర్రవాడు వ్యాసం రాస్తే ఏ మాటల్లో రాయాలి అనే గొడవ మన శ్రీకాకుళం, విజయనగరం గడ్డ మీదే నూరేళ్ల కిందట మొదలైంది. దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యుడు అంతకుముందే మన కొండల దగ్గరికి వచ్చి, మన భాష నేర్చుకున్న మనిషి. ఈ రెండు సంగతులూ కలిపి మనకెవరూ చెప్పలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆగస్టు నెలలో మనకి రెండు ముఖ్యమైన రోజులు ఉన్నాయి. తొమ్మిదో తేదీ ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. ఇరవై తొమ్మిది తెలుగు భాషా దినోత్సవం. మొదటిది మనది, రెండోది ఎవరిదో అన్నట్టు మన పిల్లలు ఉంటారు. ఆ రెండో రోజు గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. విజయనగరంలో చదువుకుని 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. అక్కడ ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఇద్దరు కుర్రవాళ్లు ఒకే చోట చదువుకోవడం పెద్ద విశేషమేమీ కాదు గానీ, ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ ఇద్దరూ ఒకే అర్జీ పట్టుకుని మద్రాసు తలుపు తట్టారు.

1880లో రామమూర్తి గారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో చరిత్ర చెప్పే మాస్టారుగా చేరారు. జీతం నెలకి ముప్ఫై రూపాయలు. పర్లాకిమిడి అప్పట్లో గంజాం జిల్లాలో, మద్రాసు రాజధాని కింద ఉండేది. ఇప్పటి సీతంపేట, భామిని, కొత్తూరు కొండలకి అది కూతవేటు దూరం. సవరలు కొండ దిగి అక్కడి సంతకి వచ్చేవారు. ఊళ్లో వాళ్లకి సవర మాట రాదు, సవరలకి తెలుగు అంతంతమాత్రం. మధ్యలో దుబాసీలు. బేరం ఎటు తూగేదో మనకి వేరే చెప్పాలా?

ఆయన చేసిన పని మామూలుది కాదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని సవర నేర్చుకున్నారు. తర్వాత కొండలెక్కి సవరల మధ్య తిరిగారు. వాళ్ల మాటలు, కథలు, పాటలు రాసుకున్నారు. ఆ తిరుగుళ్లలో మలేరియా తెచ్చుకున్నారని, క్వినైన్ వాడకంతో వినికిడి పోయిందని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. సవర మాట వినడానికి కొండెక్కిన మనిషి చెవులు ఆ కొండల్లోనే పోయాయన్నమాట. సొంత ఖర్చుతో సవర పిల్లలకి బడి పెట్టారు. వాళ్లకి వాచకాలు రాశారు. ఆ రోజుల్లో సవరకి లిపి లేదు కాబట్టి తెలుగు అక్షరాల్లోనే రాశారు.

సవర తెలుగు కుటుంబానికి చెందిన భాష కాదు. ముండా భాషల్లో ఒకటి. మాట మధ్యలో గొంతు ఒక్క క్షణం బిగబట్టి వదిలే శబ్దం ఒకటి అందులో ఉంది. సవర ఇంట పుట్టిన పిల్లకి అది ఊపిరి తీసినంత తేలిక. తెలుగు అక్షరమాలలో దానికి గుర్తు లేదు. ఇలాంటి చిక్కులన్నీ ఒక్కొక్కటీ విప్పుకుంటూ ఆయన పని సాగించారు. సవర భాషా వ్యాకరణం 1931లో ఇంగ్లీషులో అచ్చయింది. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై అయిదు. కొడుకు గిడుగు సీతాపతి కూడా ఈ పనిలోనే ఉన్నారు.

ఒక మాట ఇక్కడే అనాలి. ఆ పుస్తకాల అట్టల మీద రామమూర్తి గారి పేరుంది. ఆయనకి మాట మాట చెప్పి, ‘అలా కాదు, ఇలా’ అని నేర్పిన సవరల పేర్లు అట్ట మీద లేవు. ఆయన మీద మనకున్న గౌరవం దీంతో తగ్గదు. కానీ నేర్చుకున్నవాడి పేరు మిగిలి, నేర్పినవాళ్ల పేర్లు పోవడం మన చరిత్రలో చాలాచోట్ల కనిపిస్తుంది. రాత మన చేతిలో లేకపోతే అంతే మరి.

ఇక కాలేజీ వ్యాసం సంగతికి వద్దాం.

అప్పట్లో తెలుగులో వ్యాసం రాయడమంటే గ్రాంథికంలో రాయడమే. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో చిన్నయసూరి నీతిచంద్రిక, బాలవ్యాకరణం వచ్చాయి. బళ్లలో అవే కొలబద్ద అయ్యాయి. ఇంట్లో ‘వచ్చాను’ అనే పిల్లవాడు కాగితం మీద ‘వచ్చితిని’ అనాలి. ‘చేస్తున్నాడు’ అని రాస్తే తప్పు, ‘చేయుచున్నాడు’ అనాలి. అరసున్నలు, బండిరలు ఎక్కడ పడాలో తెలియాలి. ఎక్కడ సంధి చేయాలో, ఎక్కడ మానాలో తెలియాలి. ఇవన్నీ సరిచూసుకునేసరికి పరీక్ష గంట కొట్టేస్తారు. చెప్పదలచుకున్న సంగతి ఎక్కడో తప్పిపోతుంది. పిల్లలు ఏం చేస్తారు? పాత వాక్యాలు బట్టీపట్టి అప్పగిస్తారు. మా ‘ప్రకృతి సౌందర్యము’ ఆ బట్టీకి మునిమనవడు.

ఈ ముడి మీద మొదట వేలు పెట్టినవాడు తెలుగువాడు కాకపోవడం తమాషా. జె.ఎ. యేట్స్ అని ఒక ఇంగ్లీషు దొర బళ్ల తనిఖీ అధికారిగా ఉత్తర సర్కారులకి వచ్చాడు. తెలుగు నేర్చుకుందామని పుస్తకం తెరిస్తే ఒక భాష, వీధిలో వింటే ఇంకో భాష. ఇదేమిటని మాస్టర్లని అడిగాడు. ప్రశ్న చిన్నదే. జవాబు చెప్పబోయిన రామమూర్తి గారికి, అంతదాకా తాము సరైనదనుకున్న పద్ధతి మీదే అనుమానం పుట్టింది. అప్పటికి ఆయన చాలా ఏళ్లుగా రాత లేని సవర భాషని చెవితో విని, అందులోని నియమాలు పట్టుకుంటున్న మనిషి. నోటి మాటకి కూడా వ్యాకరణం ఉంటుందని ఆయనకి సందేహం లేదు. పుస్తకం లేని సవరకి నియమం ఉన్నప్పుడు, కోట్ల మంది మాట్లాడే తెలుగుకి ఉండదా? ఆయన ఎక్కడైనా ఈ మాటే అన్నారని మేం చెప్పడం లేదు. ఇది మా ఆలోచన. కానీ ఆయన జీవితంలో ఏది ముందు, ఏది తర్వాత అని చూస్తే సవర ముందు, వాడుక తెలుగు ఉద్యమం తర్వాత.

యేట్స్, రామమూర్తి, విజయనగరంలో గురజాడ, విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగార్, ఈ నలుగురూ కలిశారు. శ్రీనివాస అయ్యంగార్ 1909లో దేశభాషల చదువు తరఫున ఇంగ్లీషులో ఒక పుస్తకమే వేశారు. 1910 దశకం మొదట్లో స్కూల్ ఫైనల్ పరీక్షలో విద్యార్థి కావాలంటే వాడుక భాషలోనూ వ్యాసం రాయవచ్చని అనుమతి వచ్చింది. దాంతో పండితులు భగ్గుమన్నారు. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. జయంతి రామయ్య పంతులు ఆ పక్షానికి పెద్ద. సభలు, అర్జీలు, కరపత్రాలు, పత్రికల్లో వాదాలు. పరీక్షలో పదో పదిహేనో మార్కుల వ్యాసం కోసం ఇంత రభస ఏమిటని మీకు అనిపించవచ్చు. వాళ్లు పోట్లాడుకున్నది మార్కుల కోసం కాదు. ఎవరి నోటి మాటకి కాగితం మీద చోటుందీ అన్నది అక్కడ తేలాలి.

1913లో రామమూర్తి గారు ఆధునిక తెలుగు మీద ఒక విజ్ఞాపన పత్రం అచ్చువేశారు. ఆయన వాదించిన తీరు చరిత్ర మాస్టారి తీరు. ‘నాకిలా తోస్తోంది’ అని ఊరుకోలేదు. సాక్ష్యం చూపించారు. శ్రీముఖలింగం గుడి శాసనాల లిపిని స్వయంగా నేర్చుకుని చదివిన మనిషి కదా. పాత శాసనాలు, పాత వచన గ్రంథాలు, కైఫీయతులు వెతికి, మీరు తప్పంటున్న మాటలు పాతవాళ్లు కూడా రాశారు, చూడండి అని ముందు పెట్టారు. ఆ సేకరణే తర్వాత గద్యచింతామణి అనే పుస్తకం అయింది.

గురజాడది ఇంకో దారి. ఆయన 1911లో మద్రాసు విశ్వవిద్యాలయం బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యుడయ్యారు. తెలుగు వ్యాసరచన ఏ భాషలో ఉండాలో తేల్చడానికి విశ్వవిద్యాలయం ఒక ఉపసంఘం వేసింది. ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గారు. గురజాడ ఒప్పుకోలేదు. తన అసమ్మతిని విడిగా రాసి 1914లో ఇచ్చారు. పేరుకి అసమ్మతి పత్రం గానీ, అది ఒక పుస్తకమంత ఉంది. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగాలేదు. 1915 నవంబరు 30న పోయారు. స్కూల్ ఫైనల్లో వచ్చిన ఆ అనుమతి కూడా నిలవలేదు. అంటే వాళ్లు ఓడిపోయారు. ఆ ఓటమి సంగతి దాచిపెట్టి దండలు వేయడం మనవాళ్లకి అలవాటు. తెలుగు తరగతిలో వాడుక భాషకి చోటు దొరకడానికి ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు పట్టింది. ఈలోగా పత్రికలు, కథలు, నాటకాలు ఆ పని చేసేశాయి. రామమూర్తి గారు 1919లో ‘తెలుగు’ అని మాసపత్రిక పెట్టి వాదన ఆపకుండా సాగించారు.

1936 ఏప్రిల్‌లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు వెళ్లింది. దాదాపు యాభై ఆరేళ్లు బతికిన ఊరు వదిలి ఆ పెద్దమనిషి రాజమండ్రి చేరారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆ గీత మన సవరల మధ్య నుంచి కూడా పోయింది. అటువైపు బంధువులు ఒరియా బడికి, ఇటువైపు వాళ్లు తెలుగు బడికి. అదే 1936లో అటువైపు మంగయ్ గొమాంగో సవర భాషకి ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే సొంత లిపి తయారుచేశారు. తెలుగు లిపిలో రాసిన మాస్టారు గంజాం విడిచిన సంవత్సరమే, సవర బిడ్డ సొంత అక్షరం దిద్దాడు. మనలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

రామమూర్తి గారిని మెచ్చుకుంటూనే ఒక లోటు కూడా చెప్పుకోవాలి. ఆయన అడిగిన వాడుక భాష అందరి వాడుకా కాదు. చదువుకున్న మర్యాదస్తులు మాట్లాడుకునే శిష్ట వ్యావహారికం. తలుపు తెరిచారు గానీ సగమే. ‘వచ్చితిని’ పోయి ‘వచ్చాను’ వచ్చింది. ‘వచ్చినాను’, ‘వొచ్చీసినాను’ గుమ్మం బయటే ఉన్నాయి. ‘గెడ్డ’ కింద పడిన ఎర్ర గీత ఆ మిగిలిన సగం తలుపు.

ఆ సగం తలుపుని తర్వాత మన ఉత్తరాంధ్ర కథకులు తోశారు. చాసో, రావిశాస్త్రి, కాళీపట్నం రామారావు కథల్లో మన ప్రాంతపు పలుకు అచ్చులో నిలబడింది. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని పెట్టిన ఇల్లు అది. శ్రీకాకుళం వెళితే ఒక పూట అక్కడ కూర్చోండి. మన మన్యం నుంచి మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ కథలు రాశారు. మన బతుకు గురించి మనవాడే రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ఆ పుస్తకం చదవాలి. బడి విషయానికొస్తే, ఈ శతాబ్దం మొదటి దశకంలో సవర, కువి, కొండ భాషల్లో తెలుగు లిపితో మొదటి తరగతుల వాచకాలు మళ్లీ వచ్చాయి. రామమూర్తి గారి వాచకాలు మొదలైన దాదాపు నూరేళ్లకి! 2019 నుంచి విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఉంది. మన పిల్లలు అక్కడ వ్యాసాలు రాస్తున్నారు. ఏ మాటల్లో రాస్తున్నారన్నదే మా ప్రశ్న.

‘అన్నా, ఇదంతా బాగానే ఉంది. పరీక్షలో మార్కులు కావాలిగా’ అంటారు తమ్ముళ్లు, చెల్లెళ్లు. కావాలి. కాదనం. ప్రామాణిక తెలుగు నేర్చుకోవాల్సిందే, ఇంగ్లీషు కూడా. కానీ పేరా రాయడం పరీక్షతో పోయే విద్య కాదు. మన కొండల్లో దానికి ఎకరాల లెక్కలో విలువ ఉంది.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబరు 13కి ముందు నుంచి ఆ భూమి మన సాగులో ఉందని గిరిజనుడు చూపించాలి. ఏ కాగితం చూపిస్తాడు? పోడు భూమికి పట్టా ఉంటే ఈ చట్టంతో పనేముంది? అందుకే ఆ చట్టం నియమాల్లో సాక్ష్యాల జాబితాలో ఒకటి చేర్చారు. హక్కు అడిగే మనిషి కాకుండా, ఊరి పెద్ద చెప్పిన వాంగ్మూలం, రాతలో పెట్టినది. ముసలాయన నోటి మాట ఒక పేరా అయితే అది సాక్ష్యం. కాకపోతే గాలి మాట.

ఆ పేరా ఎలా రాయాలి? రెండు రకాలు మేం చూశాం. ఒకటి దరఖాస్తులు రాసిపెట్టే పట్నం మనిషి రాసినది. ‘సదరు భూమిని తరతరములుగా అనుభవించుచున్నాము.’ ఆ ఒక్క వాక్యమే ముప్ఫై దరఖాస్తుల్లో ఉంటే ఎవరు నమ్ముతారు? చదివే అధికారికి ముప్ఫై మంది మనుషులు కనిపించరు, ఒకే గైడు కనిపిస్తుంది. రెండోది పెద్దాయన చెప్పింది. ‘ఆ బోడిగట్టు మీద మా అయ్య కందులేసీవోడు. కింద జొన్న. నాకు పెళ్లైన ఏడు గట్టు కాలితే మళ్లీ చదును చేసినాం. గెడ్డకి ఇవతల సింతసెట్టు మా తాతేసినాడు.’ ఇందులో చోటుంది, పంట ఉంది, కాలం ఉంది, హద్దు ఉంది, మూడు తరాల మనుషులు ఉన్నారు. కాలేజీలో పేరా గురించి చెప్పే పాఠం కూడా ఇంతే కదా. ఒక సంగతి పట్టుకో, దాన్ని నిలబెట్టే వివరాలు వరసగా చెప్పు, పక్కదారి పట్టకు. తాతకి ఆ పాఠం ఎవరూ చెప్పలేదు. ఆయనకి కావలసింది వరస పెట్టి రాసే చెయ్యి. ఆ చెయ్యి మీ దగ్గరుంది.

రాసేటప్పుడు మాకు పనికొచ్చిన చిన్న పద్ధతులు ఒకటి రెండు చెప్తాం. ముందు పెద్దలు చెప్పింది చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వెంటనే ‘మంచి తెలుగు’లోకి మార్చకండి. గట్టు పేరు, గెడ్డ పేరు, చెట్టు పేరు మనవాళ్లు ఏమంటారో అదే ఉంచండి. పటంలో అధికారి వెతుక్కునేది ఆ పేర్లనే. ఏ సంవత్సరమో ఆయనకి తెలియకపోతే ఏ తుఫానుకి ముందో, ఏ సర్పంచ్ కాలమో అడగండి. కాలం దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, రాశాక ఆయనకి చదివి వినిపించండి.

రెండేళ్ల కిందట ఒక ఊళ్లో గ్రామసభకి మేం అలా రాయడానికి వెళ్లాం. రచ్చబండ మీద కూర్చుని ఒక ముసలితాత చెబుతుంటే మాలో ఒకరు రాశారు. గంటన్నర పట్టింది. రాసింది ఒకటిన్నర పేజీ. చదివి వినిపించాం. తాత కళ్లు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాం. మూడో పేరా దగ్గర చెయ్యెత్తి ఆపాడు.

‘కాదు బావూ’ అన్నాడు. ‘ఆ సింతసెట్టు గెడ్డకి ఇవతలుంది. అవతల కాదు. కొట్టీ, మళ్లీ రాయి.’

కొట్టేసి, మళ్లీ రాశాం.